లూయీ: బిడ్డకు ఈ ఫ్రెంచి పేరు పెట్టేముందు ఏమేం చూడాలి

బిడ్డకు ఫ్రెంచి పేరు పెట్టాలనుకునే తెలుగు తల్లిదండ్రులు నన్ను ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఆ పేరుకు అర్థం ఏమిటి? ఇప్పుడు ఎంతమంది పెట్టుకుంటున్నారు? రెండూ అడగవలసిన ప్రశ్నలే. జవాబులు ఎక్కడ దొరుకుతాయో, దొరికినవాటిని ఎలా చదువుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకు ఒకే పేరు తీసుకుంటాను: లూయీ. ఈ పేరును చూసిన పద్ధతిలోనే ఏ ఫ్రెంచి పేరునైనా పరిశీలించుకోవచ్చు.

నేను యానాంలో పుట్టాను. 1962లో ఫ్రెంచి స్థావరాల అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు మా తాతగారు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్నారు. ఆ విధంగా మా కుటుంబం ఫ్రాన్స్ చేరింది. ఇప్పుడు నేను లియోన్ శివారులోని ఒక మేరీలో, అంటే పురపాలక కార్యాలయంలో, జననాలు నమోదు చేసే విభాగంలో పనిచేస్తున్నాను. పేర్లు రాయడమే నా ఉద్యోగం.

మా అక్క కూతురు ఇక్కడే ఒక ఫ్రెంచి అబ్బాయిని పెళ్లి చేసుకుంది. నెలలు నిండుతుండగా ఒకరోజు ఫోన్ చేసి, "పిన్నీ, అబ్బాయి పుడితే లూయీ అని పెట్టమంటున్నారు మా అత్తగారు. ఆవిడ తాతగారి పేరట. మరీ పాతకాలం పేరేమో అని నా భయం" అంది. "పాతదేనమ్మా. ఎంత పాతదో, ఇప్పుడు ఎందుకు మళ్లీ వినిపిస్తోందో తెలుసుకున్నాక నిర్ణయించుకో" అన్నాను. ఆ తర్వాత ఆమెకు విడతలు విడతలుగా చెప్పినవే ఇవన్నీ.

అర్థం కోసం పాత రూపం దగ్గరికి వెళ్లండి

పేర్ల అర్థాలు చెప్పే వెబ్‌సైట్లు లూయీ అంటే "ప్రసిద్ధ యోధుడు" అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. అది అబద్ధం కాదు గానీ, ఆ ఒక్క మాటతో ఆగిపోతే అసలు సంగతి చేజారుతుంది. ఏ పేరుకైనా మూడు వివరాలు ఇచ్చే నిఘంటువునే నమ్మండి: పేరు మొదట ఏ భాషలో పుట్టింది, అప్పటి రూపం ఏమిటి, ఏ శతాబ్దంలో ఎలా మారింది. ఈ మూడూ లేకుండా అర్థం మాత్రమే చెప్పే చోటును పక్కన పెట్టండి. ఇక్కడి పురపాలక గ్రంథాలయాల్లో పేర్ల వ్యుత్పత్తి నిఘంటువులు ఉంటాయి. అడిగితే తీసి ఇస్తారు.

లూయీ సంగతి చూద్దాం. ఇది లాటిన్ నుంచి పుట్టిన పేరు కాదు. ఐదో శతాబ్దంలో గాల్ దేశాన్ని, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని, గెలిచిన ఫ్రాంకులు మాట్లాడిన జర్మానిక్ భాషలోది. అప్పటి రూపం దాదాపుగా "హ్లూదవీగ్". హ్లూద్ అంటే పేరు మారుమోగిన, ప్రసిద్ధికెక్కిన అని; వీగ్ అంటే పోరు. దీన్ని లాటిన్‌లో రాసినవారు మొదట "క్లొదొవెకుస్" అన్నారు, తర్వాతి కాలంలో "లుదోవికుస్" అన్నారు. మొదటి రూపం నుంచి క్లోవిస్ వచ్చింది, రెండోదాని నుంచి లూయీ వచ్చింది. 481 ప్రాంతంలో ఫ్రాంకులకు రాజై, రాఁస్ నగరంలో క్రైస్తవం పుచ్చుకున్న క్లోవిస్, వెయ్యేళ్లకు పైగా గడిచాక వెర్సాయ్‌లో కొలువు తీరిన 14వ లూయీ, ఇద్దరిదీ ఒకే పేరు. జర్మన్లు దాన్నే లుద్విగ్ అంటారు, ఇటలీలో లుయీజీ, స్పెయిన్‌లో లూయిస్, హంగేరీలో లాయోష్.

తెలుగు వారికి ఇందులో ఇంకో సంగతి ఉంది. దీన్ని మాత్రం మా అమ్మాయికి పట్టుబట్టి చెప్పాను. భాషాశాస్త్రవేత్తలు హ్లూద్ అన్న మాటను, సంస్కృతంలోని "శ్రుత" అన్న మాటను ఒకే మూలానికి చేరుస్తారు. ఇండో-యూరోపియన్ భాషలన్నిటికీ పూర్వరూపమైన భాషలో "విను" అన్న అర్థం ఉన్న ధాతువు అది. పదిమంది చెవిన పడినవాడు ప్రసిద్ధుడు, ఇదీ అందులోని ఊహ. శ్రుతి, విశ్రుతుడు, శత్రుఘ్నుడి భార్య శ్రుతకీర్తి, అన్నీ ఆ కుదురులోవే. ఉపపాండవుల్లో శ్రుతసేనుడు ఉన్నాడు కదా, శ్రుతమైన సేన. ప్రసిద్ధి ఒక సగం, యుద్ధానికి సంబంధించినది ఒక సగం. లూయీ పేరు కట్టింది కూడా సరిగ్గా ఈ రెండు సగాలతోనే. తెలుగు అమ్మమ్మకు ఈ పేరును పరిచయం చేయాలంటే "ప్రసిద్ధ యోధుడు" అనేకంటే "మన శ్రుతసేనుడి లాంటి పేరమ్మా" అంటే చటుక్కున అందుతుంది. మా అక్కకు అలాగే చెప్పాను.

అయితే ఆ రెండు సగాలను కలిపి ఒక వాక్యంలా చదవకండి. పాత జర్మానిక్ కుటుంబాల్లో తల్లిదండ్రుల, తాతల పేర్లలోని ముక్కలను తీసి బిడ్డల పేర్లలో తిరిగి వాడేవారు. క్లోవిస్ కొడుకుల్లో ఒకడు క్లొదొమేర్, ఇంకొకడు క్లొతేర్. మొదటి ముక్క అదే, రెండోది మారింది. అన్నదమ్ములకు ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పెట్టే ఇళ్లు మనకూ తెలుసు. అర్థం ఎంత ముఖ్యమో, ఈ బిడ్డ ఫలానా వంశం వాడని వినగానే తెలియడం వారికి అంతే ముఖ్యం.

ఎవరెవరు మోశారో చూడండి

నా దృష్టిలో పేరుకు అసలు అర్థం ఇక్కడే ఉంటుంది. లూయీ పేరుకు బలం వచ్చింది 778లో. ఫ్రాంకుల రాజు షార్లమాన్‌కు ఆ ఏడాది కవలలు పుట్టారు. ఆయన వంశం క్లోవిస్ వంశాన్ని గద్దె దించి పైకి వచ్చింది. ఆయన తండ్రి పెపాఁ, తాత షార్ల్. అయినా కవలలకు లూయీ, లోతేర్ అని పెట్టాడు. అవి ఓడిపోయిన పాత వంశపు రాజుల పేర్లు: క్లోవిస్, క్లొతేర్. పాత రాజుల వారసత్వం కూడా మాదే అని ఆ ఉయ్యాలలో చాటాడు. లోతేర్ పసితనంలోనే పోయాడు. లూయీ బతికి చక్రవర్తి అయ్యాడు. చరిత్రలో ఒకటవ లూయీ అంటే అతనే. అక్కడి నుంచి లెక్క 18 వరకు నడిచింది. అందులో 17వ లూయీ సింహాసనం ఎక్కనే లేదు. విప్లవకాలపు చెరలో 1795లో పదేళ్ల వయసులో చనిపోయిన పిల్లవాడు.

నడుమ 13వ శతాబ్దంలో 9వ లూయీ. ఫ్రెంచి రాజుల్లో చర్చి పునీతుడిగా ప్రకటించినది ఆయన్నే. 1270 ఆగస్టు 25న ట్యూనిస్ దగ్గర దండయాత్రలో మరణించాడు, 1297లో పునీతుడి పట్టం దక్కింది. అప్పటినుంచి ఇది రాజుల పేరు మాత్రమే కాకుండా, గుడికి వెళ్లే ప్రతి ఇంటివారూ పెట్టుకోగల పేరైంది. తర్వాతి కాలంలో ఫ్రాన్స్‌ను ఏలిన బుర్బోన్ రాజులు ఆయన చిన్న కొడుకు సంతతి. వారిలో మొదటివాడైన నాలుగో హెన్రీ తన వారసుడికి 1601లో లూయీ అని పెట్టినప్పుడు ఆ వంశవృక్షాన్నే గుర్తు చేశాడు. ఆ తర్వాత 13 నుంచి 16 వరకు వరసగా లూయీలే.

"తల నరికించుకున్న రాజు పేరు కదా పిన్నీ" అని మా అమ్మాయి సందేహం. మన బడి పుస్తకాల్లో ఫ్రెంచి విప్లవం పాఠం చదివిన ఎవరికైనా 1793 జనవరి 21, గిలొటిన్, 16వ లూయీ గుర్తుకు రావడం సహజం. ఇక్కడివారి చెవికి అలా తోచదు. నా బల్ల ముందు కూర్చుని ఈ పేరు రాయించే తల్లిదండ్రులు రాజుల ఊసే ఎత్తరు. "మా ముత్తాత పేరు" అంటారు. 19వ శతాబ్దంలో ఈ పేరు రైతుల ఇళ్లలో, చేతిపనివారి ఇళ్లలో అంతటా పరుచుకుంది. ఆ ఇళ్ల పిల్లలను చూడండి: తోళ్లు శుద్ధి చేసే కుటుంబంలో 1822లో దోల్ పట్టణంలో పుట్టిన లూయీ పాశ్చర్, గుర్రపు జీనులు కుట్టే తండ్రి పనిముట్టు గుచ్చుకుని చిన్నతనంలోనే చూపు పోగొట్టుకుని, చేతివేళ్లతో చదివే లిపిని ప్రపంచానికి ఇచ్చిన లూయీ బ్రెయిల్, అన్న ఓగ్యూస్త్‌తో కలిసి సినిమాను తెరమీదికి తెచ్చిన లూయీ ల్యూమియేర్, 1909 జులై 25న ఇంగ్లిష్ ఛానల్‌ను విమానంలో దాటిన లూయీ బ్లెరియో. ల్యూమియేర్ సోదరుల ఇల్లు మా లియోన్‌లోనే ఉంది, ఇప్పుడు ప్రదర్శనశాల. వీలైతే ఆ పేరు మోసినవారి చోటుకు ఒకసారి వెళ్లి రండి. మా అమ్మాయిని అక్కడికి తీసుకువెళ్లాను.

ఊళ్లు కూడా ఈ పేరును మోస్తున్నాయి. అమెరికాలో లూసియానా 14వ లూయీ పేరు, సెయింట్ లూయిస్ పునీతుడి పేరు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ పేరు 15వ లూయీది. నెపోలియన్ కాలంలో దాన్ని పోర్ట్ నెపోలియన్‌గా మార్చారు, 1810లో బ్రిటిష్ వారు గెలిచాక పాత పేరే తిరిగి వచ్చింది. 19వ శతాబ్దంలో మన గోదావరి తీరపు కోరంగి రేవు నుంచి, ఇంకా ఇతర రేవుల నుంచి చెరకు తోటల కూలికి వెళ్లిన తెలుగువారు మారిషస్‌లో దిగింది ఆ పోర్ట్ లూయీలోనే. కోరంగి వైపు నుంచి వచ్చినవారు కాబట్టి అక్కడ తెలుగువారికి "కోరంగీలు" అన్న పేరు పడింది. కోరంగికీ యానానికీ దూరం ఎంతో లేదు. అందుకే మా వైపు పెద్దలకు ఈ పేరు బొత్తిగా పరాయిది కాదు.

క్యాలెండర్‌లో రోజు

దీనికి ఎక్కువ సమయం పట్టదు. ఫ్రెంచి క్యాలెండర్‌లో దాదాపు ప్రతి రోజుకూ ఒక పునీతుడి పేరు ఉంటుంది. ఆ రోజు ఆ పేరున్నవారికి శుభాకాంక్షలు చెప్పడం పాత ఆనవాయితీ. తపాలా మనిషి ఏడాది చివర ఇంటింటికీ తెచ్చే క్యాలెండర్‌లో చూడండి: లూయీ రోజు ఆగస్టు 25. దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న సెత్ పట్టణంలో ఆ రోజుల్లో పడవల మీద నిలబడి బల్లేలతో ఒకరినొకరు నీళ్లలోకి తోసుకునే పోటీలు జరుగుతాయి. చూడవలసిన పండుగ.

ఎంతమంది పెట్టుకుంటున్నారు: ఇన్సే లెక్కలు చదవడం

ఇక్కడ కాస్త నిదానించాలి. ఎక్కువమంది పొరపాటుగా చదివేది ఈ భాగాన్నే.

ఫ్రాన్స్ జాతీయ గణాంక సంస్థ పేరు ఇన్సే. 1900 నుంచి ఏ ఏడాది ఏ పేరు ఎంతమంది బిడ్డలకు పెట్టారో ఆ సంస్థ లెక్క కట్టి వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతోంది. పేరు కొట్టి, అబ్బాయా అమ్మాయా అన్నది ఎంచుకుంటే గీత కనిపిస్తుంది. మొత్తం దస్త్రాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని జిల్లాల వారీగా కూడా చూసుకోవచ్చు. పారిస్ నగరం తన లెక్కను 2004 నుంచి విడిగా ప్రకటిస్తోంది.

లూయీ గీత ఆకారం చెబుతాను. 1900లో అబ్బాయిల పేర్లలో మొదటిది జాఁ, అంటే మన చర్చిల్లోని యోహాను. దాని వెనుకే రెండో స్థానంలో లూయీ. ఆ ఒక్క ఏడాదికే సుమారు 9,000 మంది. అక్కడి నుంచి దశాబ్దం వెంట దశాబ్దం దిగుతూ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మిషెల్, ఆపైన ఫిలిప్, తియెరీ, క్రిస్తోఫ్, స్తెఫాన్, సెబాస్తియాఁ ఒకరి తర్వాత ఒకరు ముందుకు వచ్చారు. 1970లలో లూయీ అడుగుకు చేరింది. అప్పటి యువదంపతులకు లూయీ అంటే చేతికర్ర పట్టుకున్న తాతగారు. ఎవరూ తమ పసిబిడ్డకు ఆ పేరు పెట్టాలనుకోలేదు. 1990లలో కెవిన్ అనే పేరు దేశాన్ని ఊపేస్తున్న రోజుల్లోనే మెల్లగా లూయీ గీత పైకి తిరిగింది. ఇప్పుడు అబ్బాయిల మొదటి పది పేర్లలో స్థిరంగా ఉంటోంది, గాబ్రియెల్, రఫాయెల్, లెయో, ఆర్తూర్, జూల్ పేర్ల సరసన.

ఎందుకు తిరిగి వచ్చింది? నాకు కనిపించే కారణం ఇది. తండ్రి తరం పేరు ముతకగా వినిపిస్తుంది, తాత తరం పేరు ముసలిగా వినిపిస్తుంది. ముత్తాత పేరును మోసినవారు మన కళ్ల ముందు ఉండరు కాబట్టి అది మళ్లీ శుభ్రంగా వినిపిస్తుంది. మూడు నాలుగు తరాలకు పాత పేర్లు తిరిగి రావడం పేర్ల మీద పనిచేసే వారందరూ గమనించిన సంగతే. మా అమ్మాయి అత్తగారు తన తాతగారి పేరు అడగడం కూడా ఈ లెక్కకు సరిపోయింది.

అయితే పాత పేర్లన్నీ తిరిగి రావు. హైదరాబాద్ వారికి తెలిసిన పేరుతోనే పోల్చి చూడండి: రేమోఁ. నిజాం కొలువులో సేనానిగా ఉండి 1798లో మరణించిన ఫ్రెంచి దొర ఇంటిపేరు అది. మూసారాంబాగ్ పేరు ఆయన వల్లే వచ్చిందని చెబుతారు. ఫ్రాన్స్‌లో పిలుపు పేరుగా రేమోఁ 20వ శతాబ్దం మొదటి భాగంలో వెలిగింది. 1913 నుంచి 1920 వరకు దేశాధ్యక్షుడిగా ఉన్న పోయాఁకరే పేరు కూడా రేమోఁ. ఈనాడు పసిపిల్లల్లో ఆ పేరు దాదాపు వినిపించదు. రెండు పేర్ల గీతలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాతదనం ఒక్కటే పేరును వెనక్కి తేదని తెలుస్తుంది. లూయీ పొట్టిది, మెత్తనిది, ఇప్పటి చెవికి నచ్చే శబ్దం. రేమోఁలోని ముక్కు ధ్వని ఇప్పటి తల్లిదండ్రులకు బరువుగా ఉంది.

ఈ దస్త్రాన్ని చదివేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. మొదటిది, స్థానాన్ని చూసి కంగారు పడవద్దు. 1900లో కొద్ది పేర్లనే అందరూ పంచుకునేవారు. ఇప్పుడు పేర్లు వేలకు వేలు. మొదటి స్థానంలో ఉన్న పేరు కూడా ఏడాదికి నాలుగైదు వేల మందికి మించదు. 2023లో ఫ్రాన్స్‌లో పుట్టిన బిడ్డలు ఏడు లక్షలలోపే, అందులో అబ్బాయిలు సగానికి కాస్త ఎక్కువ. ఆ పేరు వందలో ఒకరిద్దరికి మించి ఉండదన్నమాట. మీ అబ్బాయి తరగతిలో ఇంకో లూయీ ఉండవచ్చు, నలుగురైతే ఉండరు. రెండోది, 1946కు ముందు అంకెలు పూర్తివి కావు. ఆ దస్త్రానికి ఆధారమైన జాతీయ పట్టిక పెట్టింది 1946లో. అంతకు ముందే చనిపోయినవారు చాలామంది అందులో చేరలేదు. కాబట్టి 1900లో అసలు లూయీలు అక్కడ కనిపించే సంఖ్య కంటే ఎక్కువే. మూడోది, జాఁ-లూయీ, పియెర్-లూయీ లాంటి జంట పేర్లను వేరే పేర్లుగా లెక్కిస్తారు. నాలుగోది, బిడ్డకు పెట్టిన మొదటి పేరునే లెక్కలోకి తీసుకుంటారు. రెండో పేరుగా, మూడో పేరుగా లూయీ ఉన్న ఫ్రెంచివారు ఎందరో ఉన్నారు. తాతగారి జ్ఞాపకంగా అలా పెట్టడం ఇక్కడి అలవాటు. వారెవరూ ఈ గీతలో కనిపించరు.

రెండు ఇళ్ల నోళ్లలో పలికించి చూడండి

ఫ్రెంచిలో లూయీ దాదాపు ఒకే అక్షరంలా పలుకుతుంది, "ల్వీ". చివరి ఎస్ పలకదు. ఇది మన బంధువులకు ముందే చెప్పాలి. కాగితం మీద చూసి "లూయిస్" అంటే ఇక్కడివారికి స్పానిష్ పేరులా వినిపిస్తుంది. చివర జకారం చేరి "ల్వీజ్" అయిందో, అది ఆడపిల్ల పేరు లూయీజ్ అవుతుంది. తెలుగులో రాసుకునేటప్పుడు "లూయీ" అని రాసి ఇస్తే మన పెద్దవాళ్లు సరిగ్గానే పలుకుతారు. ఇక్కడి ముద్దు పేరు లూలూ. మా అక్క మాత్రం మొదటి రోజు నుంచే లూయీబాబు అంటోంది. అది వినడానికి ఎంతో బాగుంటుంది.

జన్మనక్షత్రం ప్రకారం అక్షరం చూసేవారికి ఒక మాట: "లూ" భరణి రెండో పాదపు అక్షరం. బిడ్డ ఆ వేళకే పుడితే సంతోషం. మిగిలిన వేళల్లో అక్షరం కోసం ఫ్రెంచి పేరును మార్చుకోవద్దు. రెండో పేరుగా పెట్టే తెలుగు పేరును ఆ అక్షరంతో పెట్టండి.

ఆ తెలుగు పేరును రోమన్ లిపిలో ఎలా రాస్తారో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఫ్రెంచివారు పదం మొదటి హెచ్ పలకరు, కాబట్టి హర్ష "అర్షా" అవుతాడు. జె అక్షరాన్ని మన జకారంలా కాకుండా మెత్తగా ఊదినట్టు పలుకుతారు. యు అక్షరం వారికి మన "ఉ" కాదు. పెదవులు సున్నాలా చుట్టి "ఈ" అన్నట్టు ఉంటుంది. "ఉ" కావాలంటే వారు ఓ, యు రెండూ కలిపి రాస్తారు. అలా రాస్తే విజయవాడలో ఉన్న మేనత్త దాన్ని ఇంకోలా చదువుతుంది. ఎటు మొగ్గినా ఒక వైపు కొంత తేడా వస్తుంది. బిడ్డ రోజూ బతకబోయే ఊరిని బట్టి నిర్ణయించుకోమని నా సలహా. మా అమ్మాయి విశ్రుత్ అన్న పేరు ఎంచుకుంది. లూయీకి దగ్గరి చుట్టం అన్న కారణంతోనే. రాతలో మాత్రం భారతీయ పద్ధతినే ఉంచింది.

ఐదు రోజుల గడువు

తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడ. మనకు పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో నామకరణం. ఫ్రాన్స్‌లో బిడ్డ పుట్టిన ఐదు రోజుల్లో, పుట్టిన ఊరి మేరీలో జననం నమోదు చేయించి తీరాలి. పుట్టిన రోజును లెక్కలో వేయరు. చివరి రోజు సెలవు పడితే తర్వాతి పనిదినం వరకు గడువు ఉంటుంది. గడువు దాటితే మేము రాయలేము, న్యాయస్థానం తీర్పు కావాలి. బారసాల మీ ఆచారం ప్రకారం నింపాదిగా చేసుకోండి, కాగితం మీది పేర్లను మాత్రం ఏడో నెల నిండేసరికే రెండు వైపుల పెద్దలతో మాట్లాడి ఖాయం చేసుకోండి. నక్షత్రం పుట్టిన గడియలోనే తెలుస్తుంది కాబట్టి, అక్షరానికొక పేరు చొప్పున ముందే అనుకుని ఉంచుకున్నవారు కూడా నాకు తెలుసు.

ఏ పేరైనా పెట్టుకోవచ్చా? 1803 నాటి చట్టం ప్రకారం క్యాలెండర్లలోని పేర్లూ, ప్రాచీన చరిత్రలోని ప్రసిద్ధుల పేర్లే చెల్లేవి. 1966లో ఆ కట్టడి కాస్త సడలింది. 1993 జనవరి 8 నాటి చట్టంతో తల్లిదండ్రులకు స్వేచ్ఛ వచ్చింది. పేరు బిడ్డకు హాని చేస్తుందనిపిస్తే నమోదు అధికారి దాన్ని రాసి, ఆ సంగతి ప్రభుత్వ న్యాయవాదికి తెలియజేస్తారు. తీసేయాలా వద్దా అన్నది న్యాయమూర్తి తేలుస్తారు. లూయీకి ఏ చిక్కూ లేదు. తెలుగు పేర్లకూ ఉండదు. ఫ్రెంచి వర్ణమాలలో, దాని గుర్తుల్లో ఇమిడేలా రాస్తే చాలు.

కామా, అడ్డగీత, ఈ రెండింటి తేడా తెలుసుకుని రండి. లూయీ, కామా, విశ్రుత్ అని రాయిస్తే అవి రెండు పేర్లు. నడుమ అడ్డగీత పెడితే అది విడదీయరాని ఒకే పేరు. బడిలో, ఆసుపత్రిలో, బ్యాంకులో ప్రతిచోటా మొత్తం రాయాలి. చాలామందికి కావలసింది కామాయే. ఎన్ని పేర్లు పెట్టవచ్చో చట్టంలో పరిమితి లేదు, మూడు దాటితే మాత్రం దరఖాస్తుల గళ్లలో పట్టవు. జనన పత్రంలో ఉన్న పేర్లలో దేన్నైనా వాడుక పేరుగా ఎంచుకునే హక్కు బిడ్డకు ఉంటుంది. రేపు అతను "నన్ను విశ్రుత్ అని పిలవండి" అంటే ఏ దరఖాస్తూ అక్కరలేదు. "తెలుగు పేరు రెండో వరసలో పడిపోయింది" అని బాధపడే అమ్మమ్మలకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇంటిపేరు విషయం కూడా ఇక్కడే తేలుతుంది. తండ్రిది, తల్లిది, లేదా రెండూ మీకు నచ్చిన వరసలో ఇవ్వవచ్చు. 2005 నుంచి ఈ వీలు ఉంది. తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా, పొడి అక్షరాలు మాత్రమే ఉన్నా కాన్పుకు చాలా ముందే సరిచేయించుకోండి. అక్కడ ఉన్నదాన్నే మేము చూసి రాస్తాము. బిడ్డ భారతీయ కాగితాల్లోనూ ఇదే రాత, ఇదే వరస ఉండేలా చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు, దగ్గర చిక్కులు మొదలవుతాయి.

అన్నీ చెప్పాక అధికారి జనన పత్రం ముసాయిదాను మీ ముందు ఉంచి చదవమంటారు. నిద్రలేని కళ్లతో గబగబా సంతకం పెట్టే తండ్రులను రోజూ చూస్తుంటాను. కూర్చోండి. ప్రతి అక్షరాన్నీ వేలితో చూపిస్తూ చదవండి: పేర్ల వరస, కామాలు, ఇంటిపేరు, పుట్టిన గంట, తల్లిదండ్రులు పుట్టిన ఊర్లు. సంతకానికి ముందైతే తప్పు దిద్దడం నిమిషం పని. ఆ తర్వాతైతే సవరణకు దరఖాస్తు, రుజువులు, ఎదురుచూపులు. లేచే ముందు పూర్తి నకళ్లు మూడో నాలుగో అడగండి, డబ్బు కట్టనక్కరలేదు. భారతదేశంలో చూపించవలసిన నకలుకు అపోస్టీల్ ముద్ర, అంటే పత్రం విదేశంలో చెల్లేలా ధ్రువీకరించే ముద్ర, వేయించుకోండి.